రాహువు కథయు, నీడ పాఠమును



గత మాసము ఈ పుటలలో పిల్లల చేవ్రాతను గూర్చి వ్రాసియుంటిమి. దానిని చదివిన సోదరి యొకరు మాకు లేఖ వ్రాయుచు, తమ చిన్నవాడు పుస్తకమును ఎచ్చటను తడుముకొనక గడగడ చదువుననియు, చదివిన పిదప "అందేమున్నదిరా?" యని యడిగినచో గోడవంక చూచుననియు, కథ యైనను అంతియే, ప్రకృతిపాఠ మైనను అంతియే యనియు, దీనికేమి యుపాయమనియు అడిగినారు. రెండు మాటలలో బదులు వ్రాయవచ్చునని కలము పట్టితిమి గాని, మా వీథిలో 2025వ సంవత్సరపు శ్రావణ భాద్రపదములలో జరిగిన సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చినది. దానిని చెప్పక ఉపాయము మాత్రము చెప్పుట తాలింపు లేని పప్పు వడ్డించినట్లుండును. అందు మా తప్పును గలదు గనుక దానిని గూడ చెప్పక తప్పదు.

మా యింటి కెదురుగా నున్న పెంకుటింటిలో పెద్దమ్మగా రొకరున్నారు. ఆమె మనుమరాలు అప్పుడు అయిదవ తరగతి. మా వారు పాఠములు చెప్పు బడియే. పెద్దమ్మగారు తాము బడికి పోయినది స్వల్పమే యైనను, పోతనగారి భాగవతమున పెక్కు ఘట్టములను పుస్తకము చూడకయే చెప్పగలరు. సాయంకాలము దీపములు పెట్టిన పిదప వీథిలోని పిల్లలు నలుగురైదుగురు ఆమె యరుగుమీద చేరుదురు. మా పిల్లవాడును చేరును. ఆ గంటసేపు మా వంటపని నిరాటంకముగా సాగునని మేమును లోలోపల సంతోషించుచుండెడివారము.

శ్రావణమాసమున బడిలో జరిగిన పరీక్షలో పరిసరముల విజ్ఞానపు పత్రమందు "చంద్రగ్రహణము ఎట్లు కలుగును?" అని యొక ప్రశ్న. ఆ బాలిక పుట నిండుగా, ముత్యములవంటి యక్షరములతో సమాధానము వ్రాసినది. క్షీరసాగరమును చిలుకుట, అమృతము పుట్టుట, రాహువు దేవతల పంక్తిలో దూరుట, సూర్యచంద్రులు సైగ చేయుట, చక్రము వచ్చుట, తల తెగుట, ఒక్కటియు విడువలేదు. మా వారు చదివి, ఎఱ్ఱసిరాతో సున్న చుట్టి, ప్రక్కన "కట్టుకథలు వ్రాయరాదు" అని వ్రాసిరి.

ఆ కాగితమును పట్టుకొని ఇల్లు చేరిన బాలిక ఏడువలేదు. తిన్నగా నాయనమ్మ యొద్దకు పోయి, "నీవు చెప్పినదంతయు అబద్ధమట. నీ వలన నాకు సున్న వచ్చినది" అన్నదట. ఆ సాయంకాలము పెద్దమ్మగారు అరుగుమీదికి రాలేదు. మరునాడును రాలేదు. పిల్లలు వచ్చి, మూసియున్న తలుపు చూచి, తిరిగి పోయిరి. ఒకనాడు కూరగాయల బండి యొద్ద కలిసినప్పుడు మేము మెల్లగా కదపగా, "ఎందులకమ్మాయీ, తెలియని ముసలిది పిల్లల మార్కులు పోగొట్టుట!" అని వంకాయల వైపు తిరిగి బేరమాడసాగిరి.

మేము మా వారితో వాదించితిమి. వారు, "విజ్ఞానపు ప్రశ్నకు పురాణము వ్రాసినచో మార్కులు ఏ లెక్కన వేయవలెనో నీవే చెప్పుము" అనిరి. ఆ మాటకు మాయొద్ద బదులు లేదు. అది న్యాయమే. అయితే సున్న వేయుట వేరు, కట్టుకథ యనుట వేరు గదా! ఇక మా తప్పు. ఆ బాలికను ఊరడింపబోయి, తొందరపాటున, "అవన్నియు కథలమ్మా, నిజము కాదు, పాఠములో నున్నదే నిజము" అంటిమి. ఊరడింపుగా అన్న ఆ మాట ఎంత చెరుపు చేసినదో వారము దినములకు గాని తెలియలేదు. తెలుగు వాచకములో కాకి కథ వచ్చినను, రాజు కథ వచ్చినను ఆ పిల్ల చదువుట మానినది. "అబద్ధము చదివి యేమి లాభము, పిన్నిగారూ?" అని మమ్ములనే యడిగినది. భాగవతము ముందర పెట్టుకొని పెరిగిన మా నోట వచ్చిన మాటకు ఫలమది!

అప్పుడు మాకు తోచినది. ఆ బాలికకు కథ తెలియకపోలేదు, పాఠమును తెలియకపోలేదు, అడిగినచో నీడ సంగతియు రెండు మాటలలో చెప్పినది. తెలియనిది ఒక్కటే: తన్ను అడిగినది దేనిని గూర్చి యని. రెండును ఆమె మనస్సున ఒకే డబ్బాలో పోసిన కందిపప్పు, పెసరపప్పుల వలె కలిసియున్నవి. వేరుచేయుటకు చాట కావలెను గాని, ఒకదానిని పారబోయుట యెందులకు?

ఒక ఆదివారమునాడు రెండు కాగితములు తీసికొంటిమి. ఒకదానిపై రాహువు కథను పన్నెండు వాక్యములలో వ్రాసితిమి. రెండవదానిపై గ్రహణ పాఠమును పన్నెండు వాక్యములలోనే వ్రాసితిమి. చంద్రునికి స్వయముగా వెలుగు లేదనియు, సూర్యుని వెలుగే వానిపై బడి మనకు కనబడుననియు, పూర్ణిమనాడు భూమి నడుమ నుండుననియు, భూమి నీడలోనికి చంద్రుడు పోయినప్పుడు గ్రహణము కలుగుననియు అందలి సారము. ఆ రెండును బాలిక చేతికిచ్చి, మా వాకిట గాక వారి యరుగుమీదనే కూర్చుంటిమి. తలుపు వెనుక పెద్దమ్మగారు ఉన్నారని మాకు తెలియును.

కథ చదువుచుండగా "చంద్రుడు సైగ చేసెను" అను వాక్యము వచ్చినది. తలుపు వెనుకనుండి, "ఒక్క చంద్రుడు కాదు, సూర్యుడును చేసెను. లేనిచో సూర్యగ్రహణ మెందులకు వచ్చును?" అని మాట వినవచ్చినది. తప్పు మాదే, తొందరలో ఒక పేరు జారినది. కాని ఆ తప్పు వలన తలుపు తెరచుకొన్నది. పెద్దమ్మగారు వచ్చి, స్తంభమునకు చేరగిలి కూర్చుండిరి.

ఏది నిజము, ఏ దబద్ధము అను మాట ఆనాడు ఎత్తరాదని మేము ముందే నిశ్చయించుకొంటిమి. మొదటి ప్రశ్నగా, "ఈ కాగితములో ఎవరెవరున్నారు? వారికేమి కావలెను?" అని యడిగితిమి. కథ విషయమున బాలిక తడుముకొనలేదు. రాహువునకు అమృతము కావలెను. దేవతలకు వానికి దక్కకుండుట కావలెను. తల మాత్రము మిగిలిన రాహువునకు పగ తీర్చుకొనుట కావలెను. "మంచిది. ఈ రెండవ కాగితములో ఎవరికేమి కావలెను?" అంటిమి. పిల్ల చాలసేపు చూచినది. మొదటినుండి మరల చదివినది. తుదకు నవ్వి, "చంద్రునికేమియు అక్కరలేదు, పిన్నిగారూ. ఊరక తిరుగుచున్నాడు!" అన్నది.

ఈ ఒక్క ప్రశ్న పిల్లలకు చాలవరకు దారి చూపును. కథలో పని జరుగుట ఎవరో కోరుటవలన. పాఠములో పని జరుగుట వస్తువులు అట్లు అమరి యుండుటవలన. భూమికి చంద్రునిపై కోపము లేదు. నీడకు ఆకలి లేదు. "కథ యనగా నిట్టిది, వ్యాస మనగా నట్టిది" అని నిర్వచనములు వల్లె వేయించుటకన్న ఇది మేలని మా యభిప్రాయము. నిర్వచనము వచ్చిన పిల్లలందరకు తేడా తెలియునను నమ్మకము మాకు లేదు.

పిమ్మట క్రియలను వెదకుమంటిమి. కథలో చిలికిరి, పుట్టెను, దూరెను, త్రాగెను, తెగెను. పాఠములో పడును, తిరుగును, కలుగును, కనబడును. మన తెలుగున ఈ యుపకారము గలదు. జరిగిపోయిన దానికి ఒక రూపము. ఎప్పుడును జరుగుచుండు దానికి మరియొక రూపము. చిన్నప్పుడు మా నాయనగారు వ్యాకరణము చెప్పుచు తద్ధర్మమనిన పేరు విని మేము భయపడితిమి. పిల్లలకు ఆ పేరు చెప్పనక్కరలేదు. "ఒకసారి జరిగినదా, ఎల్లప్పుడు జరుగునదా?" అని యడిగిన చాలును. పాఠములో "పూర్వము" లేదనియు, కథలో "ఏలయనగా" లేదనియు ఆ పిల్ల తానే కనుగొన్నది.

భేదములు పిల్లలు ఇట్టే చెప్పుదురు. పోలికను వెదకించుటయే కష్టము. అందులకు మేమొక చిన్న పన్నాగము పన్నితిమి. రెండు కాగితములలోను ఒక్కొక్క వాక్యమును వ్రేలితో మూసి, "ఇది లేకున్న నేమగును?" అని యడిగితిమి. సూర్యచంద్రులు సైగ చేసిరను వాక్యమును మూయగా, "అప్పుడు రాహువునకు వారిపై పగ ఎందులకు?" అన్నది. చంద్రునికి స్వయముగా వెలుగు లేదను వాక్యమును మూయగా కొంత ఆలోచించి, "సొంత వెలుగున్నచో నీడ పడినను నల్లబడడు గదా" అన్నది. అనగా రెంటిలోను ఒక గొలుసున్నది. ఒక లంకె తీసినచో గొలుసు తెగును. "వెన్నెల ఏల పోయినది?" అని యొకరు అడిగిన ప్రశ్నకే రెండును బదులు చెప్పుచున్నవి. ఆ మాట మేము చెప్పలేదు. స్తంభము ప్రక్కనుండి పెద్దమ్మగారే, "రెండును ఒక్క ప్రశ్నకే గదమ్మా" అనిరి.

ఏ బదులు ఎంతవరకు పోవునో చూడవలెను గదా. మ్రింగబడిన చంద్రుడు మరల ఎట్లు వచ్చును? రాహువునకు తల గాని మొండెము లేదు గనుక కంఠము క్రిందినుండి వెలుపలికి వచ్చునని పెద్దమ్మగారి సమాధానము. నీడను దాటి పోవును గనుక నని కాగితపు సమాధానము. గ్రహణము పూర్ణిమనాడే ఏల? పర్వములందే రాహువు పట్టునని భాగవతము చెప్పుచున్నది. ఈ సంగతి మా కెంతయు ముచ్చట గొలిపినది. ఆ కథను కట్టినవారు ఆకాశమును శ్రద్ధగా చూచినవారే గాని ఊరక పలికినవారు కారు. ఇక ప్రతి పూర్ణిమకు గ్రహణము ఏల రాదు? దీనికి కథలో బదులు లేదు. పాఠములో నున్నది గాని, "చంద్రుని మార్గము భూమి మార్గమునకు ఇంచుమించు 5 డిగ్రీలు వాలియున్నది" అను వాక్యము పదేండ్ల పిల్లకు ఏమి బోధపడును? మాకే చక్కగా బోధపడలేదు.

అందులకు మరునాటి యుదయము ఒక ప్రయోగము చేసితిమి. సోదరీమణు లెల్లరు ఇంట చేసి చూడదగినది; ఖర్చు లేనిది. ఒక బత్తాయి పండు, ఒక పోకవక్క తీసికొనుడు. భూమి యడ్డుకొలత 12,742 కిలోమీటర్లు, చంద్రునిది 3,474. బత్తాయికిని వక్కకును ఇంచుమించు ఆ నిష్పత్తియే కుదురును. చంద్రుడు మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరమున నున్నాడు. అనగా భూమి వంటివి ముప్పది వరుసగా పేర్చినంత దూరము. బత్తాయి లెక్కన అది అయిదు మూరలు. ప్రొద్దుపొడిచిన కొంతసేపటికి, ఎండ యింకను ఏటవాలుగా నున్నప్పుడు, ఒకరు బత్తాయిని ఎండలో పట్టుకొనవలెను. వేరొకరు వక్కను దారముతో వ్రేలాడగట్టి, బత్తాయి నీడ పోవు వైపున అయిదు మూరల యెడముగా నిలువవలెను. పిల్లలు నీడనే చూడవలెను గాని సూర్యుని వైపు తలయెత్తి చూడరాదు. ఈ కట్టడి ముందే చేయుడు.

అంత దూరమున బత్తాయి నీడలోని చిక్కని భాగము మూడు వ్రేళ్ల వెడల్పున నుండును. వక్కను మెల్లగా ప్రక్కకు నడిపినచో ఆ నీడలో దూరి, నల్లబడి, ఆవలి వైపున వెలుగులోనికి వచ్చును. అది గ్రహణము. అయిదు డిగ్రీల వాలు అనగా ఈ దూరమున ఒక జానెడు. చంద్రుడు తన త్రోవలో ఒకప్పుడు జానెడు పైగా, ఒకప్పుడు జానెడు క్రిందుగా పోవుచుండును. నీడయో మూడు వ్రేళ్లే! తప్పిపోవుటయే ఎక్కువ, తగులుట తక్కువ. వక్క నీడకు పైగా పోయినప్పుడెల్ల పిల్లలు "తప్పిపోయెను!" అని అరచిరి. పెద్దమ్మగారు తమ తాంబూలపు పళ్లెములోని వక్క పోయినదని మొదట సణిగినను, పిమ్మట తామే దారము పట్టుకొని రెండుసార్లు నడిపిరి.

ఇంకొక సంగతి. చంద్రుని త్రోవ భూమి త్రోవను దాటు తావులు రెండు. ఆ తావుల దగ్గర పూర్ణిమ పడిననే చంద్రగ్రహణము. మన జ్యోతిషులు ఆ తావులకు పెట్టిన పేర్లు రాహువు, కేతువు. భూమి నీడ చంద్రుని కప్పుననియు, చంద్రుడు సూర్యుని కప్పుననియు 499వ సంవత్సరమునందే ఆర్యభటుడు స్పష్టముగ వ్రాసెను. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడును గ్రహణములకు రాహువు కారణము కాదని వాదించెను. కావున నీడ సంగతి పరదేశమునుండి నిన్న దిగినది కాదు. కథను చెప్పుకొన్న దేశమే లెక్కయు కట్టినది. కథలోని పేర్లనే లెక్కలోను నిలుపుకొన్నది. దీనిని మేము చెప్పగా పెద్దమ్మగారి ముఖమున చాల దినములకు తెలివి వచ్చినది.

భాద్రపద పూర్ణిమ, సెప్టెంబరు 7వ తేదీ, ఆదివారము. నాటి రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము. 9 గంటల 57 నిమిషములకు స్పర్శ. 11 గంటల వేళనుండి 82 నిమిషములు సంపూర్ణము. తెల్లవారుజామున 1 గంట 26 నిమిషములకు మోక్షము. పెద్దమ్మగారి యింట మధ్యాహ్నమునుండియే హడావుడి. ఊరగాయ జాడీలపై దర్భలు వేసిరి. వారి చిన్నకోడలు అప్పుడు ఏడవ నెల గర్భిణి. ఆమెను చీకటి గదిలో కదలక మెదలక పండుకొనవలె ననియు, మోక్షమగువరకు మంచినీరు ముట్టరాదనియు ఆజ్ఞ అయినది.

ఇక్కడ మా రెండు కాగితముల చదువు మే మెదురుచూడని చోట పనికివచ్చినది. అంతకు రెండు దినముల ముందు ఆ బాలికచేత ఒక పట్టిక వ్రాయించియుంటిమి. కథలో నున్నవి ఒక వరుస, పాఠములో నున్నవి ఒక వరుస. వ్రాయుచు వ్రాయుచు, "రెంటిలోను లేనివి ఎక్కడ వ్రాయవలెను?" అని యడుగగా మూడవ వరుస గీసితిమి. పిల్లలు చదివినదానినుండి గాక, ఎక్కడనో విన్నదానినుండి బదులు చెప్పుట మిక్కిలి సామాన్యమైన దోషము. దానిని పట్టుటకే ఆ మూడవ వరుస. ఆనాటి సాయంకాలము ఆ పిల్ల పట్టిక పట్టుకొని నాయనమ్మ యెదుట నిలిచి, "నాయనమ్మా, పిన్ని నీళ్లు త్రాగరాదని కథలో నున్నదా?" అని యడిగినది. పెద్దమ్మగారు కసరుదురేమో యని మేము బెదరితిమి. ఆమె కసరలేదు. అష్టమస్కంధమును తెప్పించి, కళ్లజోడు పెట్టుకొని, ఆ ఘట్టమును ఆసాంతము చదివిరి. చదివి, "లేదు" అనిరి. "పాఠములోనో?" "అందును లేదు" అని పిల్లయే చెప్పి, మూడవ వరుసలో వ్రాసికొన్నది.

పెద్దమ్మగారు కొంతసేపు పలుకలేదు. పిమ్మట మాతో ఒక మాట చెప్పిరి. 1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము వచ్చినప్పుడు ఆమెకు పందొమ్మిదేండ్లు. అత్తవారి పల్లె, ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల రంగాపురము వేధశాలకు నాలుగు కోసుల దూరము. ఆ సంపూర్ణగ్రహణమును పరిశోధించుటకు శాస్త్రజ్ఞులు ఆ వేధశాలలో కూడిరి. ఆమె ఆరవ నెల గర్భిణి. మధ్యాహ్నమునుండి గదిలో, వెల్లకిల, చేయి మడువక పండుకొన్నారట. "పట్టపగలు చీకటి పడినదట. పక్షులు గూళ్లకు చేరినవట. వీథిలో అరపులు వినబడినవి. నేనేమియు చూడలేదు. నాలుక పిడచకట్టినది, అదియొక్కటే తెలియును" అనిరి.

సూర్యగ్రహణమును కంటితో నేరుగా చూచుట నిజముగానే ప్రమాదము. తగిన సాధనము లేక చూడరాదు. చంద్రగ్రహణమును ఎవరైనను వట్టి కంటితో చూడవచ్చును. గ్రహణమువలన గర్భస్థశిశువునకు కీడు లేదు; కడుపుతో నున్నవారు దాహమున కూర్చుండుటయే మంచిది కాదు. ఇది మేము ఆనాడు ఉపన్యసింపలేదు. పెద్దలకు తెలిసినదానిని మరల చెప్పుట మాకు సరిపడదు. రాత్రి పదిన్నరకు పెద్దమ్మగారే చెంబుతో నీళ్లు తీసికొని గదిలోనికి పోయిరి. జాడీలపై దర్భలను తీయలేదు. తాము మాత్రము మోక్షస్నానమువరకు నీరు ముట్టలేదు. అది వారి యిష్టము.

మబ్బులు కొంత యాటంకపరచినను, పదకొండు దాటిన పిదప డాబామీదనుండి అందరము చూచితిమి. చంద్రుడు నల్లబడలేదు, రాగిచెంబు వలె ఎఱ్ఱబడినాడు. మా కాగితములో ఆ సంగతి వ్రాయలేదు. "పిన్నిగారూ, మీ పాఠము తప్పు!" అని ఆ పిల్ల అరచినది. తప్పు కాదు, కొఱత. భూమి చుట్టునున్న గాలి ఎఱ్ఱని వెలుగును వంచి నీడలోనికి పంపును గనుక చంద్రుడట్లు కనబడును. మరునాడు పదమూడవ వాక్యముగా దానిని చేర్చితిమి. కథకు అట్లు చేర్చుటకు వీలులేదు, పాఠమునకు గలదు. ఇదియు నొక భేదమే యని మా పిల్లవాడు పట్టికలో వ్రాయించినాడు.

పది దినములు గడచిన పిదప మూడవ కాగిత మిచ్చితిమి. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు జాన్సెను అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరికి వచ్చెను. ఆంగ్లేయుల బృందమును గుంటూరిలో విడిసెను. మచిలీపట్టణమున మరియొక బృందము నిలిచెను. జాన్సెను సూర్యుని యంచున ఎగయు జ్వాలల వెలుగును పరీక్షించి, అవి మండుచున్న వాయువులని తెలిసికొనెను. ఆ వెలుగు మిక్కిలి ప్రకాశవంతముగా నుండుటచే, గ్రహణము లేకున్నను చూడవచ్చునని తోచి, మరునాడే ప్రయత్నించి చూడగలిగెను. నాటి గ్రహణమునందు కనబడిన పసుపుపచ్చని గీతవంటిదే హీలియమను పదార్థమును గుర్తించుటకు దారితీసెను. ఆ పదార్థము భూమిపై 1895లో గాని చిక్కలేదు.

ఈ కాగితమును బాలిక వెంటనే కథల వైపున పెట్టినది. కారణ మడుగగా, "వచ్చెను, చూచెను, మరునాడు అని యున్నది గదా. జాన్సెనుకు చూడవలెనను కోరికయు నున్నది" అన్నది. మే మిచ్చిన చాట తోనే మమ్ములను చెరిగినది! నిజమే, జరిగిన సంగతి కథ వలె నడుచును. క్రియారూపము, కోరిక అను గుర్తులు అన్ని చోట్లను చాలవు. అప్పుడు వేరు ప్రశ్న లడిగితిమి. ఏనాడు? ఏ యూర? ఇంకెవరైనను చూచిరా? వారు చెప్పినదానిని మనము సరిచూచుకొనుటకు వీలున్నదా? తేదీ యున్నది, ఊరున్నది, వేరు బృందములున్నవి. బాలిక కాగితమును తీసి రెంటి నడుమ పెట్టినది. మేము అక్కడనే ఉండనిచ్చితిమి.

మా వారు ఇదంతయు వార్తాపత్రిక చాటునుండి వినుచునే యుండిరి. తరువాతి పరీక్షకు ప్రశ్నలు వ్రాయుచు, ఒకనాటి రాత్రి మాకు చూపిరి. విజ్ఞానమందు "పాఠమును బట్టి, చంద్రగ్రహణము ఎట్లు కలుగునో వ్రాయుము" అనియు, తెలుగునందు "కథను బట్టి, రాహువు చంద్రునిపై ఏల పగబట్టెనో వ్రాయుము" అనియు నుండెను. "బట్టి" యను మాట లోగడ లేదు. మేము దానిని వ్రేలితో చూపగా, "చోటు మిగిలినది, వేసితిని" అనిరి. ఆ బాలికకు రెంటిలోను మార్కులు వచ్చినవి. విజ్ఞానమందు "డిగ్రీ" యను మాటకు దీర్ఘము తప్పినందున అర మార్కు పోయినది. ఆ విషయమున మా వారు మెత్తబడరు.

లేఖ వ్రాసిన సోదరికి మేము చెప్పునది ఇంతే. చిన్నవానిని "ఏమున్నదిరా?" యని యడుగకుడు, అంత పెద్ద ప్రశ్నకు పెద్దవారమే గోడవంక చూచుదుము. "ఎవరికేమి కావలెను?" అని యొకటి, "ఈ వాక్యము లేకున్న నేమగును?" అని యొకటి అడిగి చూడుడు. ఒకే సంగతిపై ఒక కథ, ఒక పాఠము దొరికినచో మరియు మంచిది. వానకు, ఉరుమునకు, చందమామలోని కుందేలునకు కథలు ప్రతి యింట నున్నవి. పాఠములు వారి పుస్తకములలోనే యున్నవి.

దసరా సెలవులలో ఒక సాయంకాలము మా వారు వీథిలోనికి పోయి చాలసేపటికి రాలేదు. తొంగిచూడగా ఎదురింటి యరుగు చివర పిల్లల వెనుక కూర్చుండియున్నారు. పెద్దమ్మగారు గొంతు సవరించుకొని, "మాష్టరుగారూ, సున్న చుట్టరు గదా?" అని యడిగి, సముద్రమును చిలుకుట మొదలుపెట్టిరి.